క్రొత్త మందునకు పరీక్ష

పరీక్ష అనగానే మనకు పాఠశాల జ్ఞప్తికి వచ్చును. విద్యార్థి పాఠమును నిజముగా నేర్చెనో లేదో తెలిసికొనుటకు ఉపాధ్యాయుడు పరీక్ష పెట్టును. మందులకును ఇట్టి పరీక్షలు కలవు. ఎంతటి పండితుడు కనిపెట్టిన మందైనను ఆ పరీక్షలలో నెగ్గిన పిమ్మటనే ప్రజలకందరకును అందవలెను. ఈ పరీక్షనే క్లినికల్ ట్రయల్ అందురు. చికిత్సా పరీక్ష అని మనము చెప్పుకొనవచ్చును. కాన్సర్ మందులను పరీక్షించిన చరిత్రలో ఒక తొలి ఘట్టమున తెలుగువాని పేరు వినవచ్చుట మనకు సంతోషదాయకము.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించెను. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1922లో అమెరికాలోని బోస్టన్ నగరమునకు వెళ్లి, హార్వర్డు విశ్వవిద్యాలయమున జీవరసాయన పరిశోధనలు సాగించెను. 1940లో లెడర్లీ అను మందుల సంస్థలో చేరెను. ఆకుకూరలలో లభించు ఫోలిక్ ఆమ్లము అను విటమినును ఆయన బృందము ప్రయోగశాలలో తయారుచేయగలిగెను. రక్తకణములు పెంపొందుటకు ఈ విటమిను అత్యవసరము.

ఆ కాలముననే బోస్టన్‌లోని బాలల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు లుకేమియా వ్యాధిగ్రస్తులైన బిడ్డలను చూచి కలత చెందుచుండెను. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన కాన్సర్ వ్యాధిలో శరీరకణములు కట్టుబాటు తప్పి పెరుగును. లుకేమియాలో ఎముకల మూలుగయందలి రక్తకణములే ఇట్లు పెరిగి, మంచి రక్తమునకు చోటు లేకుండ చేయును. ఆ దినములలో తీవ్రమైన లుకేమియా కలిగిన బిడ్డలు కొలది వారములలోనో, కొలది నెలలలోనో మరణించుచుండిరి. వైద్యులకు చేయదగిన పని ఏమియు లేకుండెను.

ఫార్బర్ తొలుత కొందరు బిడ్డలకు ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన పదార్థముల నిచ్చెను. వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించినట్లు కనబడెను. ఆ వైఫల్యమునుండియే ఆయనకు క్రొత్త ఆలోచన పొడమినది. ఈ విటమిను వ్యాధికణములకు బలమిచ్చినచో, దానిని అడ్డగించు పదార్థము వానిని మాడ్చివేయునుగదా! అట్టి పదార్థములను సుబ్బారావు బృందము సిద్ధపరచెను. వానిలో ఒకటి అమినాప్టెరిన్. అది చూచుటకు ఫోలిక్ ఆమ్లమువలెనే ఉండును గాని దాని పని చేయదు. తాళములో దూరి, తిరుగక ఇరుకుకొనిన తాళపుచెవి వంటిది అది. అసలు చెవికి ఇక అచట చోటుండదు.

1947వ సంవత్సరాంతమున ఈ మందును ప్రయోగింప మొదలిడిరి. తీవ్ర లుకేమియా కల 16 మంది బిడ్డలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టెను. 1948 జూన్ నెలలో ఫార్బర్ ఈ ఫలితములను ప్రకటించెను. ఈ మేలు తాత్కాలికమనియు ఆయన దాచక వ్రాసెను. తేరుకొన్న బిడ్డలకును వ్యాధి మరల తిరుగబెట్టినది. ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే సుబ్బారావు కాలధర్మము నొందెను. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ అను మందు మాత్రము నేటికిని లుకేమియా చికిత్సలో వాడుకలో ఉన్నది.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. మందు ఇచ్చితిమి, రోగికి గుణమిచ్చినది. ఇంకను పరీక్ష ఏల?

ఆ దినములలోని తీవ్ర లుకేమియావలె తప్పక మృత్యువునకు దారితీయు వ్యాధిలో పదిమంది తేరుకొనుట గొప్ప సూచనయే. కాని పెక్కు కాన్సర్లు ఒక్కతీరున నడువవు. ఒకనికి శీఘ్రముగా ముదురును, మరియొకనికి ఏండ్ల తరబడి నెమ్మదిగా సాగును. వైద్యుడు తెలియకయే బలము కలవారిని ఏరి వారికి క్రొత్త మందిచ్చినచో, వారు బ్రతికినది మందువలననా, స్వంత బలము వలననా? చెప్పుట కష్టము. మేలు కలుగవలెనని గాఢముగా కోరువాని కంటికి లేని మేలును కనబడవచ్చును.

కావున రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు క్రొత్త చికిత్సను, రెండవ జట్టునకు అప్పటికి తెలిసినవానిలో ఉత్తమమైన చికిత్సను ఇచ్చి పోల్చి చూచెదరు. ఎవరు ఏ జట్టులో చేరవలెనో వైద్యుడు నిర్ణయింపడు, రోగియు నిర్ణయింపడు. క్రికెట్ ఆటలో నాణెమెగురవేసి ముందు ఎవరు ఆడవలెనో తేల్చినట్లు, చీటీల పద్ధతిచే అది తేలును. అప్పుడు బలవంతులును బలహీనులును, వృద్ధులును యువకులును రెండు జట్లలోను ఇంచుమించు సమముగా ఉందురు. ఫార్బర్ తన ఫలితములను ప్రకటించిన 1948లోనే ఇంగ్లండులో క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ అను మందును ఈ విధముగా పరీక్షించిన వార్త వెలువడెను. పిమ్మట కాన్సర్ వైద్యులును ఈ పద్ధతి నవలంబించిరి.

క్రొత్త మందు నేరుగా ఈ పోలికకు రాదు. మొదట ప్రయోగశాలలోను, జంతువులపైనను దానిని పరిశీలింతురు. పిదప మొదటి దశలో కొలదిమంది రోగులకు మిక్కిలి తక్కువ మోతాదుతో ప్రారంభించి, ఎంతవరకు ఇచ్చిన ప్రమాదము లేదో చూతురు. రెండవ దశలో మరికొందరికిచ్చి, కంతి కరగుచున్నదా అని పరిశీలింతురు. మూడవ దశలో వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది రోగులతో పైన చెప్పిన పోలిక జరుగును. పెక్కు మందులు నడుమనే ఓడిపోవును. ఆ ఓటమియు లాభమే. పనికిరాని మందు రోగులకందరకు చేరకుండ అది ఆపును.

ఈ పరీక్షలు ఎంతో కాలముగా స్థిరపడిన నమ్మకములను సైతము కదలించినవి. స్తన కాన్సర్‌కు రొమ్మునంతను, దాని క్రింది కండరములతో సహా తొలగింపవలెనని అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ 19వ శతాబ్ది చివర బోధించెను. ఇంచుమించు ఎనుబది ఏండ్లు వైద్యులు దానినే పాటించిరి. బెర్నార్డు ఫిషర్ అను వైద్యుడు దానిని పరీక్షకు పెట్టవలెనని పట్టుబట్టెను. 1976లో ఆరంభమైన పరీక్షలో, కంతిని మాత్రము తొలగించి కిరణచికిత్స చేయించుకొన్న స్త్రీలు, రొమ్మునంతను తీయించుకొన్నవారితో సమానముగా జీవించుచున్నట్లు తేలెను. ఇరువది ఏండ్లు గడచిన పిదప చూచినను ఫలితము మారలేదు.

మన దేశమునను గొప్ప పరీక్షలు జరిగినవి. పొగాకు నమలుట మున్నగు అలవాట్లవలన మనవారిలో నోటి కాన్సర్ అధికము. ఈ కాన్సర్ తొలిదశలో ఉన్నపుడు నోటిలోని పుండును తొలగించుటతోపాటు మెడలోని గ్రంథులను కూడ అప్పుడే తీసివేయవలెనా, లేక వానికి వ్యాధి ప్రాకిన పిమ్మట తీయవచ్చునా? ముందే తీసినచో కొందరకు అనవసరముగా కోత పడును, భుజము బలహీనపడవచ్చును. ఆలసించినచో వ్యాధి చేయి దాటవచ్చును. ఇరుపక్షములకును కారణములుండుటచే ఈ వాదము దశాబ్దములపాటు తెగలేదు. బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలవారు 2004లో దీనిపై పరీక్ష ప్రారంభించి 2015లో ఫలితములు ప్రకటించిరి. 500 మంది రోగులను పరిశీలింపగా, గ్రంథులను ముందే తీయించుకొన్నవారిలో మూడేండ్ల పిమ్మట నూటికి 80 మంది సజీవులై యుండిరి. వేచియున్నవారిలో నూటికి 67 మందికి కొంచెము పైగా మాత్రమే ఉండిరి. వాదములు తేల్చలేనిదానిని అంకెలు తేల్చినవి.

ఇట్టి పరీక్షలో పాల్గొనువాడు ప్రయోగశాలలోని ఎలుక కాడు. అతని అనుమతి లేనిదే ఎవరును అతనిని చేర్చుకొనరాదు. పరీక్ష ఏమో, దానివలన రాగల మేలు కీడులేవో అతని భాషలో అతనికి వివరింపవలెను. బిడ్డలైనచో తల్లిదండ్రుల అనుమతి కావలెను. అతడు ఎప్పుడు వలదనిన అప్పుడు వైదొలగవచ్చును. అందులకు అతని చికిత్సకు లోపము రానీయరాదు. పరీక్ష ధర్మబద్ధముగా ఉన్నదా అని విచారించుటకు ఒక సంఘము ఉండును. అందులో వైద్యులేగాక న్యాయమెరిగినవారును, సామాన్య పౌరులును సభ్యులు. చెడు ఫలితములను మరుగుపరచుటకు వీలులేకుండ, మన దేశమున జరుగు ప్రతి పరీక్షను ముందుగానే ప్రభుత్వ పట్టికలో నమోదు చేయవలెనను నియమము 2009 నుండి అమలులో ఉన్నది.

వ్యాధిగ్రస్తుడైన బిడ్డ యొక్క తల్లి "అయ్యా, ఈ రెంటిలో ఏ మందు మేలు?" అని అడిగినపుడు, "అమ్మా, నాకు ఇంకను తెలియదు. తెలిసికొనుటకే ఈ పరీక్ష" అని చెప్పుటకు వైద్యునకు ఎంతో ధైర్యము కావలెను. ఆ మాట విని, తన బిడ్డను పరీక్షలో చేర్చుటకు ఒప్పుకొన్న తల్లికి అంతకుమించిన ధైర్యము కావలెను.

నేడు మంచి వైద్యసదుపాయములున్న దేశములలో బిడ్డలకు సాధారణముగా వచ్చు తీవ్ర లుకేమియా నూటికి దాదాపు 90 మందికి నయమగుచున్నది. ఒక్క మందువలన ఒక్కనాట ఈ విజయము సిద్ధింపలేదు. ఒక పరీక్షలో నేర్చినది మరియొక పరీక్షకు మెట్టు కాగా, ఏండ్ల తరబడి మెట్టు వెంట మెట్టుగా వచ్చినది. 1947లో తొలిమెట్టుపై నిలిచిన ఆ పదునార్గురు బిడ్డలకు దక్కినది స్వల్పము. వారివలన తరువాతి బిడ్డలకు దక్కినది నిండు జీవితము.