వద్దంటే... వద్దనే!

ఇంటిపట్టున ఉండి చీరలు, పచ్చళ్లు, పిండివంటలు అమ్ముకుంటున్న ఆడవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఒకసారి కొన్నవాళ్ల ఈమెయిల్ చిరునామాలు దాచుకుని, కొత్త సరుకు రాగానే అందరికీ కబురు పంపుతారు. మంచిదే. మరి వాళ్లలో ఎవరైనా ‘ఇక నాకు పంపకండి’ అంటే?

ఇదేమంత పెద్ద విషయం అనుకోకండి. మా ఆడపడుచు నెల తప్పిన కొత్తలో ఒక కంపెనీకి మెయిల్ ఐడీ ఇచ్చింది. ఐదో నెలలో గర్భం పోయింది. ఆ తర్వాతా వారం వారం ‘మీ పాపాయి ఇంత పెరిగింది’ అంటూ మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. మానిపించుకుందామంటే ముందు పాస్‌వర్డ్ అడిగారు, తర్వాత కారణం రాయమన్నారు. ఏమని రాస్తుంది? పక్కనే కూర్చున్న నేను కథలు రాసేదాన్నే అయినా ఆ గడిలో నింపడానికి నాకూ మాట దొరకలేదు. మూడుసార్లు వద్దంటేగానీ అవి ఆగలేదు.

అమెరికాలో 2003లో చేసిన చట్టం ప్రకారం, వ్యాపార మెయిళ్లు వద్దన్నవారికి 10 పనిదినాల్లోగా ఆపేయాలి. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారు ఒక్క నొక్కుతో మానుకునే వీలివ్వాలనీ, 2 రోజుల్లో ఆపాలనీ జీమెయిల్, యాహూ 2024లో నియమం పెట్టాయి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలన్న మాట ఉంది.

చిన్న వ్యాపారమైనా ఈ జాగ్రత్తలు పాటించాలి:

* ప్రతి మెయిల్ చివర ‘అన్‌సబ్‌స్క్రైబ్’ లింకు కళ్లకు కనబడేలా ఉంచండి. అది పెట్టడం రాకపోతే ‘అక్కర్లేదనుకుంటే వద్దు అని జవాబివ్వండి’ అని ఒక ముక్క రాయండి.

* కారణం అడగొద్దు. బతిమాలొద్దు.

* పేరు కొట్టేస్తే సరిపోదు. పాత జాబితా తీసినప్పుడు అది మళ్లీ వచ్చి చేరుతుంది. ‘వద్దన్నవారు’ అని వేరే పట్టీ రాసుకుని, పంపేముందు సరిచూసుకోండి.

* బిల్లు, ఆర్డరు వివరాలు మాత్రం కొన్నవారికి పంపవచ్చు.

ఎంత చెప్పినా ఆపకపోతే జనం విసిగి ‘స్పామ్’ అని నొక్కుతారు. అలాంటివాళ్లు ఎక్కువైతే, మన మెయిళ్లు కావాలనుకునేవాళ్లకు కూడా అవి స్పామ్‌లోకే పోతాయి. నష్టం మనకే!

వెళ్లొస్తానన్న పేరంటాలికి బొట్టుపెట్టి పంపుతాం గానీ, వీధి తలుపుకు గడియ పెట్టం కదా!