అమ్మాయికి ముఖం మీద వెంట్రుకలా? క్రీమ్ కంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది

ఈరోజు ఎపిసోడ్ టీనేజ్ ఆడపిల్లలున్న అమ్మల కోసం. నాన్నలు కూడా ఉండండి, స్కిప్ చేయకండి. మీతో పని ఎందుకుందో చివర్లో చెప్తా.

మొన్నామధ్య బూర్గంపాడు వైపు నుంచి తెలిసిన అక్క ఒకామె ఫోన్ చేసింది. "చెల్లీ, మా పాప తొమ్మిదో తరగతి. సెలవులకి వచ్చింది, మళ్ళీ హాస్టల్‌కి పోనంటోంది. పై పెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు వచ్చినయ్. పిల్లలు ఏడిపిస్తున్నారంట. ఏ క్రీమ్ రాయమంటావ్?" అంది.

నేను క్రీమ్ పేరు చెప్పలేదు. "అక్కా, పాపకి నెలనెలా డేట్ వస్తోందా?" అని అడిగా. అటువైపు కాసేపు మాట లేదు. "హాస్టల్లో ఉంటది కదా, నేనెప్పుడూ అడగలే" అంది.

ఆ ప్రశ్న నాకెలా తట్టిందో చెప్తా. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినదాన్ని. కానీ 14 ఏళ్ళప్పుడు ఆ పాప ప్లేసులో ఉన్నా. మా అమ్మ ప్రతి ఆదివారం సున్నిపిండి, పసుపు కలిపి చర్మం మండేదాకా రుద్దేది. ఆమెది ప్రేమే, కాదనను. కానీ "ఇట్లా ఉంటే రేపు ఎవరు చేసుకుంటారే" అనే మాట కూడా ఆ రుద్దుడుతోపాటే వచ్చేది. పదో తరగతి గ్రూప్ ఫోటోలో నేను లేను. ఆరోజు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయా. ఆ తర్వాత 22 ఏళ్ళకి, ఉద్యోగంలో చేరాక, ఒక లేడీ డాక్టర్ నన్ను మొదటగా అడిగింది నెలసరి గురించే. అప్పుడు బయటపడింది, పీసీఓఎస్ అని. ఎనిమిదేళ్ళు అందరూ నా గడ్డమే చూశారు. లోపల ఏం జరుగుతోందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో 10 నుంచి 13 శాతం మందికి పీసీఓఎస్ ఉంటుంది. వాళ్ళలో 70 శాతం దాకా ఆ సంగతే తెలియకుండా బతుకుతున్నారట. అంటే నా కథ కొత్తదేం కాదు.

సరే, విషయంలోకి వద్దాం. ముందు ఏది మామూలు, ఏది కాదు?

ఆడపిల్లల ఒంట్లో కూడా మగ హార్మోన్లు కొంచెం ఉంటాయి. వయసొచ్చేటప్పుడు అవి పెరిగి, సన్నటి నూగు కొన్నిచోట్ల ముదురు వెంట్రుకగా మారుతుంది. చేతుల మీద, మోకాలి కింద వెంట్రుకలు ఉండటం జబ్బు కాదండి. చాలావరకు అమ్మ నుంచో నాన్నమ్మ నుంచో వచ్చేదే. డాక్టర్లు వాడే ఫెరిమన్-గాల్వే స్కోరు అని ఒకటుంది, 1961లో మొదలైంది. ఇప్పుడు వాడే పద్ధతిలో 9 చోట్ల చూసి మార్కులు వేస్తారు: పై పెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట, వీపు, తొడలు ఇట్లా. మోచేతి కింద, మోకాలి కింద వెంట్రుకల్ని అందులో లెక్కలోకే తీసుకోరు.

మరి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోవాలి? ఇది రాసిపెట్టుకోండి. మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. ఏడాది దాటాక కూడా 45 రోజులు దాటి దాటి వస్తున్నా, ఒక్కసారైనా 90 రోజులు రాకపోయినా చూపించాలి. 15 ఏళ్ళు నిండినా అసలు మొదలుకాకపోతే తప్పకుండా. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా దళసరిగా అవుతుంటే, తగ్గని మొటిమలుంటే అవి కూడా చెప్పండి. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు గబగబా పెరిగి గొంతు బొంగురుపోతుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

డాక్టర్ రక్తపరీక్షలు రాస్తారు: టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటివి. ఇంకోటి గుర్తుంచుకోండి. నెలసరి మొదలై 8 ఏళ్ళు కాని పిల్లల్లో స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఎందుకంటే ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అట్లా కనపడొచ్చు.

ఇప్పుడు అందరూ అడిగేది: రేజర్ వాడితే వెంట్రుకలు ముదురుగా వస్తాయా? రావు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూసింది. గీసినప్పుడు వెంట్రుక కొస తెగి మొండిగా ఉంటుంది, అందుకే గరుగ్గా తగులుతుంది. అంతే. వేరు లోపలుంది, దానికి రేజర్ సంగతి తెలియదు.

థ్రెడింగ్, వ్యాక్సింగ్, చిన్న ఫేస్ రేజర్, ఏదైనా పర్లేదు. రేజర్ మాత్రం ఎవరిది వాళ్ళకే, హాస్టల్లో ఒకరిది ఒకరు వాడొద్దు. వెంట్రుకలు పోగొట్టే క్రీమ్ అయితే ముందు చేతి మీద కొంచెం రాసి ఒకరోజు చూడండి. లేజర్‌కి తొందరపడొద్దు. మన చాయ చర్మానికి తగిన మెషిన్, తెలిసిన స్కిన్ డాక్టర్ ఉండాలి. లోపల హార్మోన్ల తేడా అట్లాగే ఉంటే మళ్ళీ వస్తాయి. మందులు ఇచ్చినా ఫలితం కనపడటానికి ఆరు నెలల దాకా పడుతుంది, మధ్యలో మానేయకండి.

ఒక్కటి మాత్రం అసలొద్దు. సంతల్లో, షాపుల్లో తెల్లబడతారని చెప్పి అమ్మే క్రీములు కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, పైగా వెంట్రుకలు ఇంకా పెరుగుతాయి.

ఇక మాట గురించి. 2024లో ఉత్తరప్రదేశ్ పదో తరగతిలో 98.5 శాతం తెచ్చుకుని ఫస్ట్ వచ్చిన అమ్మాయిని దేశమంతా చూసింది. చాలామంది మార్కులు వదిలేసి పై పెదవి మీద వెంట్రుకల గురించే రాశారు. రాష్ట్రం ఫస్ట్ వచ్చిన పిల్లనే వదల్లేదు, మన పిల్లని క్లాసులో వదుల్తారా? వదలరు. అందుకే ఇంట్లో ఇంకోసారి ఆ మాట పడకూడదు. పెళ్ళి ఊసు వద్దు. చుట్టాల ముందు వద్దు. "నీకు ఇబ్బందిగా ఉందా? తీసేద్దామా, ఉంచుదామా?" అని పాపనే అడగండి. ఉండనీ అంటే ఉండనివ్వండి. తీసేయాలంటే, పిల్లవి ఇప్పుడే ఎందుకు అని ఆపకండి.

నాన్నలూ, ఇప్పుడు మీ పని. చర్ల, దుమ్ముగూడెం అవతలి ఊళ్ళ నుంచి భద్రాచలం ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆ రోజు పోగొట్టుకునేది, బండి తీసేది ఎక్కువగా మీరే. "ఇంతదానికి ఆసుపత్రి ఎందుకు" అని మీరంటే ఆ విషయం అక్కడే ఆగిపోతుంది. ఊళ్ళో ఏఎన్ఎంనో ఆశానో ముందు అడగండి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసమే. పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోయినప్పుడు కిశోర క్లినిక్ ఎక్కడ అని అడగండి.

బూర్గంపాడు అక్క పాపని తీసుకెళ్ళి చూపించింది. పరీక్షలు అయ్యాయి, మందులు మొదలుపెట్టారు. పాప ఒక రేజర్ కొనుక్కుని హాస్టల్‌కి వెళ్ళిపోయింది. వెంట్రుకలు ఇంకా ఉన్నాయంట. కానీ ఇప్పుడు డేట్ వచ్చినప్పుడల్లా వార్డెన్ ఫోన్ నుంచి అమ్మకి చెప్తోందంట. నాకు ఆ రెండో సంగతే పెద్దగా అనిపించింది.

ఈ రాత్రి అన్నాలయ్యాక మీ పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క ప్రశ్న అడగండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.