గుండె మారిస్తే చాలదు... నరాలూ కలవాలి!

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారు. 2014లో దాని తయారీ ఆగిపోయింది. అయినా ‘నాన్న కొన్న కారు’ అనే మమకారంతో అమ్మలేక, అరిగిన ఇంజినుతో నడపలేక సతమతమయ్యేవాళ్లు ఉన్నారు. వాళ్లకు తోచే ఉపాయం ఒకటే... కార్బురేటర్ ఇంజిను తీసేసి, తర్వాతి తరం ఎంపీఎఫ్ఐ ఇంజిను పెట్టించడం. కాస్త శ్రమపడితే అది పాత కారులో కూర్చుంటుంది. తీరా తాళం తిప్పితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. చిక్కంతా వైర్ల దగ్గరే!

కార్బురేటర్ ఇంజినుకు వెళ్లే ముఖ్యమైన వైర్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. స్టార్టరు, ఇగ్నిషన్ కాయిలు, ఆల్టర్నేటరు, ఆయిల్ లైటు, వేడి చూపే ముల్లు... అంతే. మారుతీ 800లోకి 2000లో వచ్చిన ఎంపీఎఫ్ఐ తీరు వేరు. ఎంత పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు చిమ్మాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. గాలి పీడనం, ఇంజిను వేడి, యాక్సిలరేటర్ తొక్కుడు... అన్నింటి కబురూ సెన్సర్లు దానికి చేరవేయాలి. పాత కారులో ఆ వైర్లే లేవు.

ఈసీయూకు కరెంటు ఇవ్వడంలోనూ మెలిక ఉంది. కొన్ని వైర్లలో, తాళాన్ని స్టార్టు వరకూ తిప్పగానే కరెంటు ఆగిపోతుంది. ఈసీయూను వాటికి కలిపితే సరిగ్గా అవసరమైన క్షణంలోనే అది నిద్రపోతుంది. ఇంజినుకూ బాడీకీ మధ్య ఎర్త్ వైరు మరిచిపోతే మరో తంటా. స్టార్టరు లాగే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేయగలదు.

అసలు ప్రమాదం పెట్రోలు పంపుతో. పాత ఇంజినుది దానికే బిగించిన మెకానికల్ పంపు. ఎంపీఎఫ్ఐకి కావాల్సింది ఎలక్ట్రిక్ పంపు. దాని పీడనం దాదాపు పదింతలు. పాత రబ్బరు పైపులు తట్టుకోలేవు. ఇక, పంపును రిలే ద్వారా ఈసీయూ చేతిలో ఉంచాలి. ఇంజిను ఆగితే అదీ ఆగుతుంది. ‘ఏముందిలే’ అని నేరుగా తాళానికి కలిపేస్తే... ప్రమాదంలో ఇంజిను ఆగినా పంపు ఆగదు. పైపు తెగి ఉంటే పెట్రోలు కారుతూనే ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు!

మరి ఏం చేయాలి? ఇంజినుతోపాటు దాని వైరింగ్, ఈసీయూ, సెన్సర్లు, పంపు, రిలేలు అన్నీ ఒకే కారు నుంచి తీసుకోవాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న కారైతే తాళం కూడా. చిప్ ఉన్న ఆ తాళాన్ని గుర్తుపడితేనే ఈసీయూ పనిచేస్తుంది. వేడి చూపే ముల్లుకు మాత్రం పాత సెన్సరునే ఉంచుకోవాలి. జత మారితే ముల్లు అబద్ధం చెబుతుంది, ఇంజిను మాడిపోతుంది. వైరు కోసేముందు ప్రతిదానికీ చీటీ కట్టడం, కొత్త లైనుకు తగిన ఫ్యూజు పెట్టడం తప్పనిసరి. ఇంజిను మార్పునకు రవాణాశాఖ అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించుకోవాలి. లేకపోతే బీమా క్లెయిము చిక్కుల్లో పడొచ్చు.

అందుకే పాత ఇంజిన్ల దుకాణంలో మొదట అడగాల్సింది ‘ఎంతకిస్తారు’ అని కాదు, ‘వైరింగ్ మొత్తం ఉందా’ అని. ఉందంటేనే బేరం. నాన్న కారులో మళ్లీ పిల్లల్ని ఎక్కించుకోవాలి కదా!