తొండకు వేసే కీచురాయికి ముందు మేత ఎందుకు?

ఎందుకు?
బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియాకు చెందిన తొండ జాతి జీవి. అమెరికా, ఐరోపాల్లో దాన్ని ఇళ్లలో పెంచుతూ కీచురాళ్లను ఆహారంగా వేస్తారు. కీచురాయి ఒంట్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. కాల్షియం చాలకపోతే తొండ ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. అందుకే కీచురాయికే ముందుగా కాల్షియం మేపుతారు.

ఎలా?
తొండకు వేసేదాకా కీచురాళ్లను గాలి ఆడే పెట్టెలో ఉంచుతారు. అందులో గుడ్ల అట్టలు నిలబెడితే అవి సందుల్లో దాక్కుంటాయి. ఇరుకైతే ఒకదాన్నొకటి తినేస్తాయి. పెట్టె పొడిగా, వెచ్చగా ఉండాలి. నీళ్ల గిన్నె పెడితే కీచురాళ్లు అందులో పడి మునిగిపోతాయి కాబట్టి క్యారెట్ ముక్కలతో తడి అందిస్తారు. చచ్చినవాటిని రోజూ తీసేస్తారు.

తొండకు వేసే ముందు 24 నుంచి 48 గంటలు కీచురాళ్లకు కాల్షియం కలిపిన దాణా, ఆకుకూరలు మేపుతారు. వేసేటప్పుడు కాల్షియం పొడి కూడా చల్లుతారు. కీచురాయి కడుపులోని మేతే తొండకూ బలమవుతుంది.