బురద తాగే సీతాకోకచిలుక, చెట్టెక్కిన పువ్వు

వాన వెలిసిన మర్నాడు, కాస్త ఎండెక్కాక, తూర్పు కనుమల్లో ఏ వాగు ఒడ్డుకైనా వెళ్లండి. తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉంటాయి. పూలు వదిలేసి బురదలో వాటికేం పని?

ఉప్పు కోసం! మకరందంలో చక్కెర దండిగా ఉంటుంది కానీ సోడియం చాలా తక్కువ. అందుకే చుట్టచుట్టుకున్న గొట్టంలాంటి నోరు చాపి తడిలోని లవణాలు పీలుస్తాయి. ఇలా చేరేవాటిలో ఎక్కువ మగవే. జతకట్టినప్పుడు ఆ ఉప్పు ఆడదానికి, దాన్నుంచి గుడ్లకూ అందుతుంది.

ఇప్పుడు తలెత్తి చెట్ల కొమ్మలు చూడండి. లావుపాటి వేళ్లు తాళ్లలా వేలాడుతుంటే అది వాండా అనే అడవి ఆర్కిడ్ కావచ్చు. మనవాళ్లు దీన్నీ బదనిక అనేస్తారు గానీ, పాపం, ఇది చెట్టు రసం తాగదు. కొమ్మను పీటలా వాడుకుంటుంది, అంతే.

మరి నీళ్లెలా? ఎండిన వేరు మీద నాలుగు చుక్కలు పోయండి. తెల్లనిది చూస్తుండగానే పచ్చబడుతుంది! ఎన్నిసార్లు చూసినా నాకు విసుగురాని తమాషా ఇది. వేరు చుట్టూ చచ్చిన కణాలతో ఏర్పడిన స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఎండినప్పుడు అందులో గాలి నిండి తెల్లగా కనిపిస్తుంది. వాననీటిని పీల్చుకోగానే అద్దంలా మారి, లోపలున్న పత్రహరితం బయటపడుతుంది.