సంఘములును సర్వసంఘ సేవయు

తెనాలి, రేపల్లెలలో లూథరన్ సంఘమును, బాపట్లలో బాప్తిస్టు సంఘమును ఉండగా, ఏ యొక్క సంఘమునకును చెందని బైబిలు సమాజము వంటి సంస్థలు వేఱుగ నెందుకని కొల్లిపర ప్రాంతపు విద్యార్థులు అడుగవచ్చును. ఈ ప్రశ్న సమంజసమైనదే. దీనికి మేము తోచినంత సమాధానము చెప్పుదుము.

1840లో బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరునకును, 1841లో ఆంగ్లికన్ సంఘపు నోబుల్, ఫాక్స్ దొరలు మచిలీపట్టణమునకును, 1842లో లూథరన్ బోధకుడు హైయర్ గుంటూరునకును వచ్చిరి. శిశువులకు బాప్తిస్మ మీయవచ్చునని లూథరనులును, ఆంగ్లికనులును బోధించిరి. విశ్వాసము నొప్పుకొనినవారినే నీట ముంచవలెనని బాప్తిస్టులు బోధించిరి. వీరు తలకొక తెలుగు బైబిలును అచ్చొత్తించుకొనిన యెడల, ఒకే యూరి బిడ్డలు వేర్వేఱు గ్రంథములు చదువవలసి వచ్చెడిది.

ఈ చిక్కు తీర్చుటకు మార్గము ముందే యేర్పడి యుండెను. 1804లో లండనులో స్థాపింపబడిన బైబిలు సమాజపు కార్యవర్గమున 36 మంది యుండిరి: ఆంగ్లికనులు 15 మంది, ఇతర సంఘములవారు 15 మంది, విదేశీయులు 6 గురు. వ్యాఖ్యానము చేర్పక మూలగ్రంథమునే ప్రకటింపవలెనన్నది వారి నియమము. 1820లో మదరాసున దాని శాఖ వెలసెను. తెలుగు బైబిలును సవరించుటలో లండన్ మిషనుకు చెందిన జాన్ హేయును, బాప్తిస్టు లైమన్ జ్యూయెట్టును పాలుగొనిరి. మన బైబిలులో "ముంచుట" యనియు లేదు, "చిలుకరించుట" యనియు లేదు. "బాప్తిస్మము" అను గ్రీకు మాటయే యున్నది. దానిని ఏ సంఘమువారు తమ బోధ ననుసరించి వివరించుకొందురు. నేడు ఈ సేవను భారత బైబిలు సమాజము నడుపుచున్నది.

అయినను ఇట్టి సమాజము స్థానిక సంఘమునకు బదులు కానేరదు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది; 1957 నుండి ప్రకాశము బ్యారేజి ఆ పని చేయుచున్నది. పెద్ద కాలువ అందఱి పొలములకును నీరిచ్చును గాని, ఎవరి పొలమును దున్నదు, కలుపు తీయదు. అట్లే రోగిని పరామర్శించుట, పిల్లలకు బోధించుట, మృతులను సమాధి చేయుట ఊరి సంఘపు పనియే.

కావున తలిదండ్రులారా, క్రొత్త సేవాసమాజ మేదైన మన యూరికి వచ్చినపుడు ఒక్కటి విచారింపుడు: అది వెడలిపోయిన పిదప ఊరి సంఘము బలపడినదా, చీలినదా? బలపడినచో అది మంచి కాలువ. చీలినచో అది గండి. సంఘ పెద్దలును ఒకటి యెఱుగవలెను: కాలువకు తూము మూసికొనిన పొలము ఎండును.