డిస్కును చదవని డ్రైవు: దోషం ఎక్కడ?

సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు శిలాశాసనాలు ఉన్నాయి. ఎనిమిది వందల సంవత్సరాలు గడిచినా, ఆనాటి లిపి తెలిసినవారు వాటి ముందు నిలిచి నేటికీ చదువగలరు. శిలకూ, తాళపత్రానికీ, కాగితానికీ ఉన్న సౌలభ్యం అది. అక్షరానికీ చదువరికీ నడుమ కన్ను తప్ప వేరొక సాధనం అక్కరలేదు. కంప్యూటరు డిస్కు సంగతి అట్లా కాదు. అందులో ఏమున్నదో తెలియాలంటే డ్రైవు అనే యంత్రం దానిని చదివి మనకు చెప్పాలి. ఆ యంత్రం మూగబోయిన నాడు డిస్కు చేతిలో ఉన్నా లేనట్లే.

నేడు కొత్తగా వచ్చే ల్యాప్‌టాపులలో డిస్కు డ్రైవు సాధారణంగా ఉండటం లేదు. అయినా దాని అవసరం తీరిపోలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో 2000 తరువాత చాలా ఏళ్లపాటు పెళ్లి వీడియోలు, ముషాయిరాలు, కవిసమ్మేళనాలు, ధార్మిక ప్రసంగాలు, కళాశాల వార్షికోత్సవాలు సి.డి., డి.వి.డి.లలోనే భద్రపరిచేవారు. వాటిలో అనేకం రెండవ ప్రతి లేనివే. కనుక డ్రైవు చదవడం లేదని అనిపించిన వెంటనే డిస్కును చెత్తబుట్టలో వేయడం తగదు. దోషం ఎక్కడున్నదో క్రమపద్ధతిలో తెలుసుకొనే మార్గాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డ్రైవు చదివే విధానం

సి.డి. 1982లో ఫిలిప్స్, సోనీ సంస్థల ఉమ్మడి కృషి ఫలితంగా విపణిలోనికి వచ్చింది. 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల ఈ పళ్లెం పాలీకార్బొనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్‌తో తయారవుతుంది. పైముఖాన పల్చని లోహపు పూత ఉంటుంది. కర్మాగారంలో అచ్చువేసిన డిస్కులో సమాచారం కంటికి కనబడని గుంటల రూపంలో ఉంటుంది. మనం స్వయంగా నమోదు చేసుకొనే డిస్కులో గుంటలకు బదులు ఒక రంగుపొర ఉంటుంది. లేజరు వేడికి దానిలో గుర్తులు ఏర్పడతాయి. ఈ గుర్తులన్నీ లోపలి నుంచి బయటికి సాగే ఒకే సర్పిలాకార పథంపై ఉంటాయి. వరుసకూ వరుసకూ నడుమ దూరం 1.6 మైక్రాన్లు. నమోదు భాగం కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల వద్ద మొదలై 58 మిల్లీమీటర్ల వద్ద ముగుస్తుంది. ఆ వైశాల్యాన్ని 1.6 మైక్రాన్లతో భాగిస్తే పథం పొడవు 5 కిలోమీటర్లకు పైగా తేలుతుంది. గణిత విద్యార్థులు స్వయంగా లెక్క కట్టి చూడవచ్చు.

డ్రైవులోని లేజరు కిరణం ఒక చిన్న కటకం గుండా ప్రసరించి, డిస్కు అడుగు ముఖం నుంచి లోనికి పోయి, లోహపు పూతపై పరావర్తనం చెంది వెనుకకు వస్తుంది. గుంట ఉన్నచోట తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. లేనిచోట హెచ్చుగా ఉంటుంది. ఈ హెచ్చుతగ్గులను కాంతి గ్రాహకం విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. తిరిగే డిస్కు కొద్దిగా ఊగినా కిరణం పథం తప్పకుండా సన్నని తీగచుట్టలు కటకాన్ని క్షణక్షణం సర్దుతుంటాయి. సి.డి.కి వాడే లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. 1996లో విపణిలోనికి వచ్చిన డి.వి.డి.కి 650 నానోమీటర్లు. దోష నిర్ధారణలో ఈ భేదం మనకు అక్కరకు వస్తుంది.

మొదటి ప్రశ్న: కంప్యూటరుకు డ్రైవు కనిపిస్తున్నదా?

హకీము నాడి చూడనిదే మందు ఇవ్వడు. మనమూ డ్రైవును విప్పేముందు దాని నాడి చూడాలి. కంప్యూటరు తెరపై డ్రైవు గుర్తు అసలు కనిపించకపోతే దోషం డిస్కుది కాదు. యంత్రాన్ని ప్రారంభించినప్పుడు వచ్చే బయాస్ అమరికల పట్టికలో డ్రైవు పేరు ఉన్నదేమో చూడాలి. అక్కడ కూడా లేకపోతే విద్యుత్ సరఫరా తీగో, సమాచార కేబులో వదులై ఉండవచ్చు. లేదా డ్రైవే చెడిపోయి ఉండవచ్చు. కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసివేసిన తరువాతనే రెండు కేబుళ్లనూ ఊడదీసి, తిరిగి గట్టిగా అమర్చాలి. యు.ఎస్.బి. ద్వారా తగిలించే బయటి డ్రైవు అయితే, దానిని హబ్బుకు కాక నేరుగా కంప్యూటరుకే తగిలించాలి. చాలినంత విద్యుత్తు అందకపోతే డిస్కు తిరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది.

బయాస్‌లో కనిపించి విండోస్‌లో కనిపించకపోతే లోపం సాఫ్ట్‌వేరులో ఉన్నదని గ్రహించాలి. డివైస్ మేనేజర్‌లో డ్రైవు పేరును తొలగించి కంప్యూటరును మరల ప్రారంభిస్తే, విండోస్ దానిని తిరిగి గుర్తించి తానే అమర్చుకొంటుంది. డిస్కులు నమోదు చేసే పాత సాఫ్ట్‌వేరును తీసివేసినప్పుడు దాని అవశేషాలు మిగిలి డ్రైవును కనబడకుండా చేయడం కూడా ఉన్నది. ఆ సవరణను అనుభవజ్ఞుల చేత చేయించుకోవడం క్షేమం.

రెండవ ప్రశ్న: దోషం డిస్కుదా, డ్రైవుదా?

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. చదవలేని డ్రైవు కూడా, డిస్కు లోపభూయిష్టమైనదన్న సందేశాన్నే తెరపై చూపుతుంది. ఆ మాటను వెంటనే నమ్మరాదు. పోయినా నష్టం లేని రెండు మూడు డిస్కులను అదే డ్రైవులో పెట్టి చూడాలి. అవి చక్కగా నడిస్తే దోషం మొదటి డిస్కుది. అవీ నడవకపోతే దోషం డ్రైవుది. తరువాత మొదటి డిస్కును మరొక కంప్యూటరులో పెట్టి ఈ నిర్ణయాన్ని సరిచూసుకోవాలి. పరీక్షకు ఎన్నడూ విలువైన డిస్కును వాడరాదు. డ్రైవుకు బదులు డ్రైవు దొరుకుతుంది, డిస్కులోని సమాచారానికి బదులు దొరకదు.

డ్రైవు సి.డి.లను చదువుతూ డి.వి.డి.లను చదవకపోతే, లేక ఇందుకు విరుద్ధంగా జరిగితే, పైన చెప్పిన రెండు తరంగదైర్ఘ్యాలను గుర్తు చేసుకోవాలి. ఒక లేజరు క్షీణించి రెండవది పనిచేస్తూ ఉండవచ్చు. అట్టి డ్రైవును మార్చడమే మేలు. నమోదు చేసిన కంప్యూటరులో చదవబడుతూ, మరొకచోట ఖాళీగా కనిపించే డిస్కును నమోదు చేసినవారు దానిని చివర మూసివేయలేదని అనుమానించాలి. నమోదు చేసిన యంత్రమే అందుబాటులో ఉంటే ఆ పని ఇప్పుడైనా పూర్తి చేయవచ్చు.

డిస్కును శుభ్రపరచడం

అడుగు ముఖాన చిన్న మరక ఉన్నంత మాత్రాన సమాచారం పోదు. కిరణం డిస్కులోనికి ప్రవేశించే చోట సుమారు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి, లోహపు పూతను చేరేసరికి రెండు మైక్రాన్లకన్న సన్నగా కేంద్రీకృతమవుతుంది. అందువల్ల పైనున్న సన్నని ధూళి దానికి కళ్లద్దాలపై నలుసు వంటిదే. అంతేగాక 1960లో రీడ్, సాలమన్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన గణిత సంకేతం ఆధారంగా, పథం వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం చెరిగిపోయినా డ్రైవు దానిని లెక్కకట్టి పూరించుకోగలదు.

శుభ్రపరచే పద్ధతికి కారణం ఇక్కడే ఉన్నది. మెత్తని నూలుగుడ్డను నీటితో కొద్దిగా తడిపి, కేంద్రం నుంచి అంచువైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత పథం వెంటే సాగి, ఒకేచోట దీర్ఘమైన భాగాన్ని చెరిపివేస్తుంది. అడ్డంగా పడిన గీత ఒక్కొక్క వరుసలో కొద్దిపాటి భాగాన్నే తాకుతుంది. పేరు రాసే పైముఖాన్ని చాలామంది లక్ష్యపెట్టరు. కాని సి.డి.లో లోహపు పూత ఆ ముఖం కిందనే, పల్చని లక్క వంటి పొర చాటున ఉంటుంది. అక్కడ బాల్‌పెన్నుతో గీకితే ఆ నష్టం తీరేది కాదు. డి.వి.డి.లో ఆ పూత రెండు పలకల నడుమ ఉండటం వల్ల కొంత రక్షణ కలదు. పళ్లపేస్టుతో రుద్దడం వంటి చిట్కాలను ఏకైక ప్రతిపై ప్రయోగించరాదు.

కటకంపై ధూళి

అన్ని డిస్కులనూ తడబడుతూ చదివే డ్రైవు విషయంలో ముందుగా కటకాన్ని అనుమానించాలి. మన ప్రాంతంలో ఈ అనుమానానికి ఆధారం ఎక్కువ. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణం. కోదాడకు చేరువలోని మేళ్లచెరువు, మట్టంపల్లి ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలున్నాయి. సూర్యాపేట జాతీయ రహదారిపై ఉన్నది. ఊక నలుసైనా, రోడ్డు దుమ్మైనా కిటికీ పక్కనున్న కంప్యూటరులోనికి చేరుతుంది. డిస్కు మీద పడిన ధూళిని తుడవవచ్చు. కటకం మీద పడినది ప్రతి డిస్కు చదువుకూ అడ్డుపడుతుంది.

ల్యాప్‌టాపు డ్రైవులో పళ్లెం బయటికి లాగితే కటకం కనిపిస్తుంది. యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో ఒత్తిడి లేకుండా తుడవాలి. కటకాన్ని మోసే తీగలు మిక్కిలి సున్నితమైనవి. బల్లమీది కంప్యూటరు డ్రైవులో కటకం లోపల ఉంటుంది గనుక కుంచె అమర్చిన శుభ్రపరచే డిస్కును వాడటం తేలిక. మూత విప్పిన డ్రైవును ఎన్నడూ నడపరాదు; 780 నానోమీటర్ల కిరణం కంటికి దాదాపు కనబడదు, అయినా కంటికి హాని చేయగలదు.

చదివిన వెంటనే చేయవలసినది

ఇన్ని ప్రయత్నాల తరువాత డిస్కు చదవబడితే, ముందుగా చేయవలసినది చూసి ఆనందించడం కాదు, ప్రతి తీసుకోవడం. మధ్యలో ఆగిపోయే డిస్కుకు గ్నూ డిడిరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తోడ్పడుతుంది. అది మొదట సులభంగా చదవబడే భాగాలను కాపాడి, మొండికేసిన భాగాలకు తరువాత తిరిగివస్తుంది. ఒక డ్రైవు చదవలేని భాగాన్ని మరొక డ్రైవు చదవవచ్చు గనుక రెండు మూడు డ్రైవులలో ప్రయత్నించాలి.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. కళాశాల బీరువాలలో ఉన్న డిస్కులను ఎండా వేడీ తగలని చోటికి చేర్చి, వాటికి ఒక పట్టిక రాయించి, సమాచారాన్ని రెండు వేర్వేరు చోట్ల భద్రపరచడం మంచిది. పాత ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లోనూ, తెలుగు పుటలు అను ఫాంట్లలోనూ ఉంటే, వాటిని పి.డి.ఎఫ్. రూపంలో కూడా ఉంచాలి. లేకపోతే డిస్కు తెరచుకొన్నా అక్షరాలు తెరచుకోవు. ఈ పనికి కావలసినది ఒక మంచి డ్రైవు, ఓపిక గల నలుగురు విద్యార్థులు, కొన్ని సెలవు దినాలు మాత్రమే. డిస్కులలోని రంగుపొర ఏటేటా క్షీణిస్తూనే ఉంటుంది గనుక, ఈ పని వచ్చే సెలవులలోనే మొదలుకావాలి.